క్యూలో గవర్నమెంటు, ఆఫీసులో కార్పొరేషన్

జూలై నెల, రెండో సోమవారం. గుడివాడ గోడౌను ఆఫీసు. హాజరు: బందరు నుంచి వచ్చిన విచారణాధికారి గారు, మా మేనేజరు గారు, టైపిస్టు బావ (నాకు వరసకేమీ కాడు, ఊరందరికీ బావే), నేను.

ఆ రోజుల్లో డైరీలో ఏది రాసినా ఇలా హాజరుతోనే మొదలుపెట్టేవాణ్ణి. ప్రభుత్వం పెట్టిన ధాన్యం గోడౌన్ల కార్పొరేషన్లో గుమాస్తాగా చేరి అప్పటికి ఏడాది నిండలేదు. నాన్న రిటైరయ్యాడు, ఇంట్లో ఉద్యోగం నాదొక్కటే. అయినా ఊరుకోలేదు. కప్పు కారి బస్తాలు తడుస్తున్నాయని మేనేజరు గారికి మూడుసార్లు చెప్పినా పలుకు లేకపోయేసరికి, పేరూ హోదాతో సహా ఒక పత్రికకు ఉత్తరం రాశాను. అది అచ్చయిన రోజే మేనేజరు గారు నన్ను తీసేయమని పై ఆఫీసుకు రాశారు. "మాట్లాడే హక్కు రాజ్యాంగం ఇచ్చిందండీ" అన్నాను. "అది గవర్నమెంటు వాళ్లతో చెప్పుకోవయ్యా. మనది కార్పొరేషన్. నీ రాజ్యాంగం మన గేటు బయటే ఆగిపోద్ది" అన్నారు.

విచారణలోనూ ఆయన అదే మాట అన్నారు. నేను డైరీ తెరిచాను. "రేవులో బల్లకట్టు దగ్గర: 'గవర్నమెంటు జీపు, ముందు మాది ఎక్కించండి' అన్నారు. కరెంటు వాళ్లు వచ్చినప్పుడు: 'గవర్నమెంటు ఆఫీసుకే ఫ్యూజు పీకుతారా?' అన్నారు." అధికారి గారి మీసం కొంచెం కదిలింది. అక్కడితో ఆపాల్సింది. పద్ధతి గల మనిషిని కదా, మూడోదీ పూర్తిగా చదివాను: "మే నెల, మూడో మంగళవారం, మోపిదేవి గుడి. హాజరు: నేను, అమ్మమ్మ. మేనేజరు గారు కుటుంబంతో వచ్చి, 'మేం గవర్నమెంటు వాళ్లం, జరగండి' అని క్యూ దాటుకుని లోపలికి వెళ్లారు."

మేనేజరు గారు దిగ్గున లేచారు. "ఏమయ్యా, ఆ మంగళవారం మీ అమ్మమ్మకి జ్వరం, మంచం దిగట్లేదని గదా నువ్వు సెలవు పెట్టింది?"

రాజ్యాంగం కాపాడినా అమ్మమ్మ జ్వరం ముంచేట్టుంది. బావ టైపు కొట్టడం ఆపేశాడు. అధికారి గారు మాత్రం తాపీగా టూర్ రిజిస్టరు తిరగేశారు.

"అదలా ఉంచండి. ఆ మంగళవారం మీరు అవనిగడ్డలో తనిఖీకి వెళ్లినట్టు ఇక్కడ సంతకం ఉందేమిటండీ?"

మేనేజరు గారు కూర్చున్నారు.

"ఈ కార్పొరేషన్ని పెట్టింది ప్రభుత్వం, నడిపేది ప్రభుత్వం. గుడి క్యూలో కూడా ప్రభుత్వమే. ఈ అబ్బాయి దగ్గరికొచ్చేసరికి కాకుండా ఎలా పోతుందండీ? ఉత్తరం రాసినందుకు తీసేయడం కుదరదు." తర్వాత అధికారి గారు నా వైపు తిరిగి, "పాపం, అమ్మమ్మ గారు జ్వరంతో అంతసేపు నిలబడ్డారా?" అన్నారు. డైరీ మూసేశాను.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుతుంటే పెడల్ బరువే తెలియలేదు. ఇప్పుడా పేజీ చదివినప్పుడల్లా, హక్కులన్నీ తెలిసి, చదవడం ఎక్కడ ఆపాలో తెలియని ఆ కుర్రాణ్ణి చూసి నవ్వుకుంటాను. తర్వాత తర్వాత ఎక్కడ ఆపాలో బాగానే నేర్చుకున్నాను. ఆ ఉత్తరం లాంటిది మాత్రం మళ్లీ రాయలేదు.

విచారణ మర్నాడు ఉదయం వెళ్లేసరికి గోడౌను కప్పు మీద మనుషులు కొత్త రేకులు బిగిస్తున్నారు. మేనేజరు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అమ్మమ్మకెలా ఉందయ్యా?"

"తగ్గిందండీ."

"అదీ రాసుకో."

రాసుకున్నాను.