కంగారొద్దు మేడం

లిఫ్టు మధ్యలో ఆగిపోతే నొక్కడానికి లోపల ఒక ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎక్కడో ఫోన్ మోగుతుంది. ఆ ఎక్కడో ఉన్న గదిలో ఆమె కూర్చునేది. లిఫ్టుల కంపెనీ వెనకవైపు, కిటికీ లేని గది. మెకానిక్ వెళ్లి తలుపు తెరిచేదాకా లోపల ఇరుక్కున్నవాళ్లను మాటల్లో పెట్టడం ఆమె ఉద్యోగం. ఎవరి ఫోన్ ఎత్తినా మొదట "కంగారొద్దు" అనేది. దాంతో మెకానిక్కులు ఆమెకు కంగారొద్దు మేడం అని పేరు పెట్టేశారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

ఏడ్చేవాళ్లు ఉండేవారు, తిట్టేవాళ్లు ఉండేవారు. ఒకాయన గాలి అయిపోతోందనీ, తన ఇల్లు రెండో కూతురికే చెందాలనీ, దానికి ఆమే సాక్షి అనీ చెప్పాడు. మర్నాడు మళ్లీ ఫోన్ చేశాడు.

"నిన్న నేనన్నది లెక్కలోకి తీసుకోకండమ్మా."

"తీసుకోలేదండీ," అంది ఆమె.

నలభై ఐదేళ్లు దాటాక ఒకే వారంలో రెండు జరిగాయి. మొదట కంపెనీ ఆమె స్థానంలో రికార్డు చేసిన గొంతును పెట్టింది. ఆ గొంతు సెలవులు అడగదని మేనేజర్ వివరించాడు. తను కూడా పెద్దగా అడగలేదని ఆమె గుర్తుచేసింది. ఆయన తలూపి, వెళ్లిపోతున్నవాళ్లందరికీ ఇస్తున్న కవరు ఆమెకూ ఇచ్చాడు. అందులో సముద్రం ఒడ్డున ఏదో హోటల్లో ఇద్దరు రెండు రోజులు ఉండటానికి కూపన్ ఉంది.

రెండోది ఇంట్లో జరిగింది. భర్తకు కళ్లద్దాల దుకాణం. పొద్దున టీ తాగుతూ, తను వేరే ఆవిడతో ఉండబోతున్నానని చెప్పాడు. ఆవిడ దుకాణానికి వచ్చే మనిషేనట. ఆవిడకు దూరపు చూపు ఆనదని కూడా చెప్పాడు. అది ఎందుకు చెప్పాడో ఆమెకు అర్థం కాలేదు.

"మరి అత్తయ్య?" అని అడిగింది.

"అక్కడ ఒక్కటే గది," అన్నాడు.

అత్తగారు అదే బల్ల దగ్గర బిస్కెట్ టీలో ముంచుకుంటోంది. "నేను ఇక్కడే ఉన్నానురా. నన్నే అడగొచ్చుగా," అంది.

అతను అడగలేదు. సూట్‌కేసు, ఇస్త్రీపెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. అలా కొడుకు వెళ్లిపోయాడు, తల్లి ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరు ఉంటే నయమో ఆమెను ఎవరూ అడగలేదు గానీ, అడిగుంటే ఆట్టే ఆలోచించేది కాదు.

అత్తగారికి వినబడకుండా స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది. కొన్నాళ్లకు తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ట్యాంకులో నీళ్లయిపోతున్నాయి. బయటికొచ్చి ఏడు. నేనేం అనుకోను."

బయటికొచ్చింది. కానీ అత్తగారు ఎదురుగా తువ్వాలు పట్టుకుని నిలబడేసరికి ఏడుపు రాలేదు.

కూపన్ గడువు ముగిసేలోగా ఇద్దరూ సముద్రానికి వెళ్లారు. అందులో పడవ ప్రయాణమూ, సముద్రంలోకి దిగి చూడటమూ కలిసే ఉన్నాయి. "ఊరికే వచ్చింది వదిలేస్తామా, దిగు," అంది అత్తగారు. ఆమెకు ఈత రాదు. శిక్షకురాలు చెయ్యి పట్టుకునే ఉంటుంది, ఈత రాకపోయినా ఫరవాలేదన్నారు.

ఆ శిక్షకురాలే డైవింగ్ స్కూలు యజమానురాలు. ఏ పనీ తొందరగా చెయ్యదు కాబట్టి అందరూ తాబేలు టీచర్ అనేవారు. ఆరోజు పడవలో ఒక బట్టల వ్యాపారి కూడా ఉన్నాడు. మంచి భారీ మనిషి. సిలిండర్ వీపుకు తగిలించి, గాలి పీల్చే గొట్టం నోట్లో పెట్టగానే ఊడబెరికి, ఊపిరాడట్లేదని అరవడం మొదలుపెట్టాడు. అప్పటికింకా పడవలోనే ఉన్నాడు. చుట్టూ ఎంత కావాలంటే అంత గాలి.

ఆమె అలవాటు కొద్దీ అడిగింది: "కంగారొద్దు. మీరు ఏ అంతస్తు దగ్గర ఉన్నారు?"

అతను అరుపు ఆపాడు. "అంతస్తా?"

"మీ ఇల్లండీ. ఏ అంతస్తు?"

"మూడు."

"పక్క ఫ్లాటులో ఎవరుంటారు?"

పక్క ఫ్లాటువాళ్ల మీద అతనికి చాలా ఫిర్యాదులున్నాయి. అవన్నీ చెప్పేసరికి ఊపిరి దారిలో పడింది. గొట్టం తనే నోట్లో పెట్టుకుని దిగాడు.

ఆ తర్వాత ఆమె దిగింది. నీళ్లలో ఆమెకు జ్ఞానోదయమేమీ కలగలేదు. తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. పైకొచ్చాక బాగా ఆకలేసింది. భర్త వెళ్లిన తర్వాత ఆకలి తెలియడం అదే మొదలు.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది తాబేలు టీచర్.

"ఏమీ లేదండీ. ఇదివరకు లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడేదాన్ని."

టీచర్ సిలిండర్లన్నీ కట్టేసి వచ్చి, తీరిగ్గా జవాబిచ్చింది. "నా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది పడవలోనే భయపడి వెనక్కెళ్లిపోతారు. పనికొస్తారా?"

"ఈత రాదు."

"ఈత వచ్చినవాళ్లంతా పుట్టగానే ఈదలేదు."

అత్తాకోడళ్లు ఆ ఒడ్డునే ఐసు ఫ్యాక్టరీ వెనక రెండు గదులు తీసుకున్నారు. పొద్దున పడవలో భయస్తులకు ధైర్యం చెప్పడం, సాయంత్రం ఈత. ఈత నేర్పే చోట మిగతావాళ్లంతా చిన్నపిల్లలు. గట్టు పట్టుకుని కాళ్లు కొట్టే వరసలో ఆమె మోకాళ్ల చప్పుడు విడిగా వినిపించేది. ఒక పాప ఆమెను రోజూ ఓదార్చేది: "నాకూ మొదట్లో రాలేదు ఆంటీ."

ఈత వచ్చాక టీచర్ డైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది గానీ, కళ్లనూ ముక్కునూ మూసే అద్దాల మాస్కు దగ్గర బండి ఆగిపోయింది. నీళ్ల అడుగున మాస్కు తీసి, మళ్లీ పెట్టుకుని, అందులో చేరిన నీళ్లను ముక్కుతో గాలి ఊది పంపెయ్యాలి. మొహానికి నీళ్లు తగలగానే ఆమెకు ముక్కు, నోరు, బుర్ర ఒకేసారి మూసుకుపోయేవి. గబగబా పైకి లేచేది. అలా లేవడం ప్రమాదం. టీచర్ ప్రతిసారీ "ఇవాళ్టికి చాలు," అనేది. ఆ "చాలు" అంటే ఆమెకు హడలు. పంపించేసేటప్పుడు మేనేజర్ కూడా అదే మాట అన్నాడు మరి.

"మానేస్తాను అత్తయ్యా," అంది ఒకరోజు.

"మానేసి ఏం చేస్తావు? ఇలా కూర్చో."

అత్తగారు ఆమెను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, నోట్లో ఊపిరి పీల్చే పొట్టి గొట్టం పెట్టించి, నెత్తిన చెంబుతో నీళ్లు పొయ్యడం మొదలుపెట్టింది. కోడలు ఎగశ్వాస తీస్తే ఆగేది, కుదుటపడితే పోసేది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు ఇదేదో ఇంటి గొడవ అనుకుని మొదట్లో మొహం తిప్పుకుని వెళ్లేవారు. ఎన్ని చెంబులయ్యాయో గానీ, ఒక ఉదయం ఈతకొలను అడుగున ఆమె మాస్కు తీసింది, పెట్టుకుంది, ఊదింది. కళ్లు తెరిస్తే ఎదురుగా టీచర్ మొహం స్పష్టంగా కనబడింది. టీచర్ నవ్వుతోంది. నవ్వు పూర్తవడానికి చాలాసేపు పట్టింది.

ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి శిక్షకుల పరీక్షకు వెళ్లింది. అక్కడ పరీక్షకుడు నీళ్ల కింద భయపడ్డట్టు నటిస్తే శాంతపరచాలి. పైకొచ్చాక ఆయన అడిగాడు.

"కింద నాతో ఏదో చెప్పారు?"

"కంగారొద్దని చెప్పానండీ."

"నాకు బుడగలే కనిపించాయి."

ఫెయిల్ చేశాడు. తప్పు ఆయనది కాదు. ఇన్నేళ్లూ ఆమె గొంతుతోనే బతికింది. నీళ్లలో అది పనిచెయ్యదు. ఆపైన అద్దం ముందు నిలబడి కళ్లతో, చేతులతో మాట్లాడటం సాధన చేసింది. ఎదుటివాడి చెయ్యి గట్టిగా పట్టుకోవడం, రెండో అరచేతిని ఛాతీ ముందు మెల్లగా కిందికి దించడం. అంటే, ఊపిరి నెమ్మదిగా వదులు. రెండోసారి పాసైంది. అత్తగారు ఆ సర్టిఫికెట్ తీసుకెళ్లి ఐసు ఫ్యాక్టరీలో అందరికీ చూపించి వచ్చింది.

మరుసటి ఏడాది భర్త వచ్చాడు. ఆవిడకూ అతనికీ కుదరలేదట. తల్లిని తీసుకెళ్తానన్నాడు.

"ఇప్పుడా? ఇప్పుడు కుదరదురా," అంది తల్లి. స్కూల్లో నీళ్లలోకి దిగేవాళ్లు తొడుక్కునే రబ్బరు సూట్లు ఆరేసి, సైజుల వారీగా సర్దే పని అప్పటికి అత్తగారిదే. "సీజను నడుస్తోంది."

వచ్చినవాడు ఊరికే పోలేక, తనూ ఒకసారి దిగుతానన్నాడు. టీచర్ కావాలంటే వేరేవాళ్లతో పంపిస్తానంది. అక్కర్లేదంది ఆమె. అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పింది: ఊపిరి బిగపట్టకూడదు, ఉన్నట్టుండి పైకి లేవకూడదు, బొటనవేలు పైకి చూపిస్తే పైకి పోదామని అర్థం, బాగుందని కాదు.

నీళ్లలో కొంతదూరం బాగానే వచ్చాడు. తర్వాత మాస్కులోకి కొంచెం నీరు చేరింది. అతని కళ్లు పెద్దవయ్యాయి. గొట్టం ఊడబెరుక్కుని పైకి లేవబోయాడు. ఆమె అతని సిలిండర్ పట్టీ అందుకుని కిందికి లాగింది. గొట్టం తిరిగి నోట్లో పెట్టింది. అతను కొట్టుకుంటుంటే మోచెయ్యి ఆమె దవడకు తగిలింది. ఆమె వదల్లేదు. అరచేతిని మెల్లగా దించుతూ కళ్లలోకే చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఇంతసేపు ఒకరినొకరు చూసుకున్నది లేదు. అతని బుడగలు చిన్నవయ్యాక, చెయ్యి పట్టుకుని నింపాదిగా పైకి తెచ్చింది.

పడవలో అతను తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. "నా చెయ్యి వదల్లేదు నువ్వు," అన్నాడు చివరికి.

"అందరిదీ పట్టుకుంటానండీ," అంది ఆమె. దవడ వాచి మాట సరిగ్గా రాలేదు గానీ అతనికి అర్థమైంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. వెళ్లేముందు తల్లికి కొత్త కళ్లద్దాలు ఇచ్చాడు. ఆ పని అతనికి బాగా వచ్చు.

ఆ రాత్రి ఆమె కుళాయి తిప్పకుండానే ఏడ్చింది. అత్తగారు వింటూ సూట్ల చిరుగులు కుట్టింది.

ఇప్పుడు అత్తగారికి కూడా దిగాలని ఉంది. బీపీ ఉంది కాబట్టి వీల్లేదని డాక్టర్ కచ్చితంగా చెప్పాడు. అందుకని సెలవురోజుల్లో కోడలు ఆమెను ఒడ్డున నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, మాస్కు పెట్టి, నడుం పట్టుకుని మొహం ముంచనిస్తుంది. మొన్న అత్తగారు తల పైకెత్తగానే కోడలు అడిగింది.

"ఏం కనిపించింది అత్తయ్యా?"

"ఒక చేప. నన్ను చూసి కూడా పక్కకు జరగలేదు," అంది అత్తగారు. "పట్టుకో, మళ్లీ చూస్తాను."