పాముచెవుల మామయ్య

మా మేనమామ ఒక కచేరీ హాల్లో ఏసీ మెకానిక్. మోటారు తిరిగే చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేసేవాడు. అందుకే తోటివాళ్లు ఆయన్ని పాముచెవులని పిలిచేవారు. ఆ చెవులు రెండేళ్లుగా మెల్లగా మూసుకుపోతున్న సంగతి మాత్రం ఆయన బయటికి పొక్కనివ్వలేదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. ఎవరేమన్నా పెదాలు చూసి తలూపేవాడు. ఇంట్లో ఫోను వస్తే అత్త చేతికిచ్చి స్నానానికి పోయేవాడు.

ఆ ఏడాది పేరుమోసిన బృందం ఒకటి పాడటానికి వచ్చింది. ఎనిమిది మంది. వాయిద్యాల్లేవు, మైకుల్లేవు, వట్టి గొంతులే. చీమ చిటుక్కుమన్నా ఊరుకోనని మేనేజరు ముందే హెచ్చరించాడు.

మధ్యాహ్నం సాధనలో, బృందాన్ని నడిపే ఆవిడ పాట ఆపించింది. ఎక్కడో సన్నగా రొద వస్తోందనీ, శ్రుతికి అడ్డుపడుతోందనీ చెప్పి మామయ్య వైపు తిరిగింది.

"మీకూ వినిపిస్తోంది కదా?"

"వినిపిస్తోందమ్మా," అన్నాడు మామయ్య. ఆయనకేమీ వినిపించలేదు.

వేదిక వెనక బ్లోయరు ఆపేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నిచ్చెనెక్కి గాలిగొట్టాలన్నిటి మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. అదురు పళ్లకైనా తెలుస్తుందేమోనని స్క్రూడ్రైవరు పిడి కరిచిపట్టి, కొన మోటారుకి తాకించాడు. తేడా ఏమీ తెలియలేదు. కిందికి దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. జనం రావడానికి ఇంకా గంటన్నరే ఉంది. గుమ్మంలో మేనేజరు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

మేనేజరు అటు వెళ్లగానే ఆవిడ దగ్గరికి పోయి చెప్పేశాడు.

"అమ్మా, నాకు వినపడదు. చాన్నాళ్లయింది. ఎవరికీ తెలీదు."

ఆవిడ వెంట రమ్మని సైగ చేసి గోడ వెంబడి నడిచింది. రొద పెరిగిన చోట చెయ్యి ఎత్తింది, తగ్గిన చోట దించింది. పక్క తలుపు దగ్గర ఆ చెయ్యి తలని దాటింది. తలుపవతల నడవాలో మంచినీళ్ల కూలరు. బోల్టు వదులై దాని కంప్రెసరు అదురుతోంది. మామయ్య ప్లగ్గు పీకేశాడు.

కచేరీ సాగినంతసేపూ స్విచ్చిబోర్డు పక్కన స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. మళ్లీ ఏదైనా మోగితే? మోగినా తనకి తెలీదు. అందుకని పాడేవాళ్లని వదిలేసి ముందు వరస మొహాలే చూశాడు. ఒకాయన నొసలు ముడిపడితే ఈయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడంతే. జనం లేచి చప్పట్లు కొట్టాక గానీ మామయ్య ఊపిరి వదల్లేదు. పాట ఎలా ఉందో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

మర్నాడు తనే వెళ్లి మేనేజరుకి చెప్పాడు. ఆయన ఉద్యోగం తియ్యలేదు. మోటార్ల పని మాన్పించి లైట్ల పనికి మార్చాడు. అది మామయ్యని బాగానే నలిపింది.

ఇంటికొచ్చి అత్తకీ చెప్పాడు. అత్త స్టవ్వు ఆర్పి, ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ అంది:

"రెండేళ్లనుంచీ అరుస్తున్నాను. కోపమనుకున్నారా?"