ఎక్కని బస్సు

“ఈ కాగితంల రాసిన దినం నేను ఏ బస్సూ ఎక్కలే బిడ్డా, ఈన్నే కూసున్న. మరి ఈ ట్రావెల్సోళ్లకు నా పైసలెట్ల పోయినయి? వాళ్ల పేరే ఎన్నడు ఇనలే.” మా పక్కింటి గౌసియా బేగం బ్యాంకు కాగితం నా చేతిలో పెట్టి, మళ్లీ పనిలో పడింది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాల అంచులకు ముడులు వేయడం ఆమె పని. నాలుగు పోగులు కలిపి మెలిపెట్టి ముడి వేస్తుంది, మిగిలిన కొసను పళ్లతో తెంపుతుంది. నడుము పీకినా లేవదు, కాళ్లు మాత్రం మార్చుకుంటుంది. మాట్లాడుతున్నా చేతులు ఆగవు. “నా ఫోను పట్టేది మా కోడలు హుమేరా ఒక్కతే. ‘యాడ తిరిగొచ్చినవే?’ అని గట్టిగనే అడిగిన. తినే పళ్లెం ముందట్నుంచి లేచి, ఖిలా వరంగల్ల తల్లిగారింటికి పోయింది.”

ఆమె ఫోనులో పాత మెసేజీలు వెతికాను. టికెట్ దొరికింది. కొన్నది డబ్బు పోయిన ఆ రోజే, ప్రయాణం మాత్రం మరుసటి నెలలో, గుల్బర్గా దర్గా ఉర్సుకు. ప్రయాణికురాలి పేరు గౌసియా బేగం. చదివి వినిపించాను.

మొదటిసారి ఆమె చేతులు ఆగాయి.

“కిటికీ సీటు దొరకదేమోనని, ముందుగాల్నే టికెట్ చెయ్యమని హుమేరా పానం తీసింది నేనే.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “జర ఖిలా దిక్కు పోయిరా బిడ్డా. అత్తది తప్పని చెప్పు... వద్దు, అట్ల చెప్పకు. ముడులు ఒక్కదానితోని ఒడుస్తలేవట, రమ్మందని చెప్పు.”