కీచుమనే సీసాలు

భీమవరంలో ఉంటూ రొయ్యల రేటు తెలియని మనిషి లోవలక్ష్మి ఒక్కతే. ఊరు ఊరంతా చెరువులు తవ్వి మేడలు కడుతుంటే, ఆవిడ కాలేజీ మూడో అంతస్తులో కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో, రొయ్య మొప్పల్లోని కణాలను చూస్తూ ఇరవై రెండేళ్లు కూర్చుంది. తునిలో తమ్ముడి పెళ్లికి కూడా ముహూర్తం వేళకు వెళ్లి, అక్షింతలు వేసి, మధ్యాహ్నం రైలుకే తిరిగొచ్చేసింది.

కణంలోకి కాల్షియం చేరిందంటే దానికి కబురు అందినట్టు. కబురు అందాకే కణం పనిలోకి దిగుతుంది. కాల్షియం తగిలితే పచ్చగా వెలిగే రంగు ఒకటి కణాలకు పట్టించి ఆవిడ ఆ కబురును కళ్లతో చూసేది. అలా చూస్తుండగా ఒక వింత కనిపెట్టింది. పెంకు విడవబోయే రొయ్య కణం, చుట్టూ ఉన్న నీళ్లలో కాల్షియం రవ్వంత లేకపోయినా వెలుగుతోంది! అంటే లోపల ఎవరికీ తెలియని నిల్వ ఏదో ఉందన్నమాట. ఆ మాట మీద పేరున్న పత్రికల్లో రెండు వ్యాసాలొచ్చాయి. అప్పట్నుంచీ ఆవిడకు తనవాళ్లన్నా, తన ఆస్తి అన్నా ఆ వెలుగే.

మిగతా ఊళ్ల ల్యాబుల్లో మాత్రం ఆ కణం వెలగలేదు. నాలుగు చోట్ల నుంచి ఉత్తరాలొచ్చాయి. "మీకింకా చెయ్యి తిరగలేదు" అని నలుగురికీ ఒకటే జవాబు రాసింది. అది పొగరు కాదంటే నేను ఒప్పుకోను.

ఆవిడ చెయ్యి తిరిగిందో లేదో గానీ, సీసాలు కడిగే పాపాయి చెయ్యి బాగా తిరిగింది. పాపాయి టెంపరరీ అటెండరు. చేరిన రోజే లోవలక్ష్మి ఆమెకు పని నేర్పింది. "కడిగాక వేలు లోపల పెట్టి రుద్దు. గాజు కీచుమంటేనే శుభ్రమైనట్టు." పాపాయి దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. రెండు దశాబ్దాల పాటు ప్రతి సీసానీ కీచుమనిపించింది.

ఈ ఏడాది, రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా, ఆవిడ పాత శిష్యుడు సుధాకర్ బెంగళూరు నుంచి వచ్చాడు. వెలగని నాలుగు ల్యాబుల్లో అతనిదొకటి.

"మీ దగ్గర కూర్చుని ఒక్కసారి చూసి వెళ్తానండి, మేడమ్" అన్నాడు. సంచిలోంచి కొత్త ప్లాస్టిక్ సీసాలు తీశాడు. అవే నీళ్లు, అదే రొయ్య, అదే రంగు. ఆవిడ గాజుసీసాలోని నీళ్లలో కణం దీపంలా వెలిగింది. అతని సీసాలోని నీళ్లలో నల్లగా ఉండిపోయింది. పదిసార్లు చేశారు. పదిసార్లూ అంతే.

సుధాకర్ తొట్టి దగ్గరున్న పాపాయి వైపు చూశాడు. లోవలక్ష్మి కూడా అటు చూసింది. పాపాయి డబ్బీలోంచి సున్నం చూపుడు వేలితో తీసి, తమలపాకుకు రాసి, బుగ్గన పెట్టుకుంది. వేలు చీరకు తుడుచుకుంది. అదే వేలు సీసాలో పెట్టి రుద్దింది.

సున్నమంటే కాల్షియమే.

కణం లోపల ఏ నిల్వా లేదు. బయట పాపాయి వేలి సున్నం ఉంది, అంతే. ఇరవై రెండేళ్ల బతుకు ఆ వేలి కొన మీద తెల్లగా అంటుకుని ఉంది.

వేలు పెట్టమన్నది ఎవరు? ఆ ముక్క ఆవిడకు బాగా గుర్తుంది. గుర్తుండి కూడా, వ్యాసాలు వెనక్కి తీసుకుంటూ రాసిన లేఖలో "అటెండరు అజాగ్రత్త వల్ల" అని రాసింది. పాపాయిని తీసేయమని కాలేజీకి ఇంగ్లీషులో ఇంకో కాగితం రాసి, కింద తప్పు ఒప్పుకున్నట్టుగా ఆమెతోనే వేలిముద్ర వేయించింది.

"ఏంటండి ఇది?"

"ఏం లేదు. ఇంటికెళ్లు."

సెలవనుకుని వెళ్లిన పాపాయి నాలుగో రోజు పొద్దున్నే వచ్చింది. చూపుడు వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వాచ్‌మన్ చెప్పాడండి, నా కిళ్ళీ వల్ల మీ పని పాడైందంట. మానేశానండి. ఇటికపొడితో తోముకున్నాను, కాస్త తోలు లేచింది. ఉండండి." పీలిక విప్పి, పచ్చి వేలితోనే ఒక సీసా కడిగి, కీచుమనిపించి అందించింది. "ఇప్పుడు బాగా వెలుగుద్దండి, చూడండి."

ఎందుకు చూసిందో గానీ లోవలక్ష్మి చూసింది. నల్లగా ఉంది.

"వెలిగిందాండి?"

"లేదు. నీ వేలికి సున్నం ఉంటేనే వెలిగేది, పాపాయీ."

పాపాయి ముఖం విప్పారింది. "అంతేనాండీ! ఆ ముక్క ముందే చెబితే పోయేది కదండి. రేపు రాసుకొస్తాను."

ఆమెకు రేపు ఇక్కడ పని లేదని చెప్పడానికి లోవలక్ష్మికి నోరు రాలేదు. ఫోన్ తీసి, ఈవిణ్ని కిందకు తీసుకెళ్లమని వాచ్‌మన్‌ను పిలిచింది.