తాలు గింజ

తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ధాన్యం లారీ వచ్చి ఆగిందంటే ముందు వీరరాఘవమ్మ చేట కదలాల్సిందే. బస్తాలోంచి గుప్పెడు శాంపిల్ పోసుకుని, మణికట్లు మాత్రం ఆడిస్తూ నాలుగుసార్లు చెరిగి, ఎగిరిపోయిన పొల్లు గింజలు చూసి, "తాలు ఎక్కువుందండి" అంటుంది. ఆ మాట మీద మిల్లు ఓనరైనా, రైతైనా ఇంక నోరెత్తరు. ఆవిడ జుట్టులో ఎప్పుడూ పొట్టు ఉంటుంది, కొంగు ముడిలో ఎప్పుడూ నాలుగు గింజలుంటాయి. ఆదివారం మధ్యాహ్నం కల్యాణమండపంలో జరిగే వేదాంతం క్లాసుకి కూడా ఆ కొంగుతోనే వెళ్లి చివరి వరసలో కూర్చుంటుంది. అక్కడ రిటైరైన సంస్కృతం మాస్టారు మూడు వారాలుగా ఒక్కమాట దగ్గరే ఆగిపోయారు. "జగత్తు మిథ్య. అంటే ఉందనీ అనలేం, లేదనీ అనలేం" అంటారాయన. అది ఎవరి బుర్రకీ ఎక్కడం లేదు. సగంమంది రావడం మానేశారు. ఆ రోజు ఆయన పుస్తకం మూసేసి, "ఇక నావల్ల కాదు. వచ్చే వారం నుంచి క్లాసు ఆపేద్దామండీ" అన్నారు.

వీరరాఘవమ్మ లేచి తిన్నగా ముందుకెళ్లింది. కొంగు ముడి విప్పి, రెండు గింజలు ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. చూపుకి రెండూ ఒకటే.

"ఇందులో ఒకటి తాలండి మాస్టారూ. గింజ అందామంటే లోపల బియ్యం లేదు. లేదందామంటే మీ చేతిలోనే ఉంది. మీరు చెప్పేది ఇదేనా అండీ?"

మాస్టారు రెండు గింజల్నీ వేలితో అటూ ఇటూ దొర్లించి చూశారు.

"మరి వీటిలో నిజమైనదేదో తెలిసేదెలాగమ్మా?"

"ఊదండి" అంది వీరరాఘవమ్మ.