ఆగిన మోటారు, ఆగని లెక్క

“తొందరెక్కువైతే మోటారు ఆగిపోతుంది తమ్ముడూ, కంప్యూటర్ మాత్రం ఆగదు. చెప్పిందల్లా విన్నారనుకుని దాని పాటికది చెప్పుకుంటూ పోతుంది. మా ఆయనతో నేను మాట్లాడినట్టే!”

బోర్డులు చెక్కే అక్క నవ్వకుండానే అంది, పని చూద్దామని వచ్చిన నాతో. ఎదురుగా, కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషను బల్ల మీద బడివాళ్ళ పేరు బోర్డు చెక్క ఉంది. ‘పాఠ’ దాకా కుదురుగా వచ్చింది. ‘శాల’ రెండు వేళ్ళ కిందికి జారింది. నాలుగింటికి గేటుకు బిగించాలి. అప్పటికి రెండయింది. అలాంటి చెక్క ఇంకొకటి లేదు.

“త్వరగా అవుతుందనేగా పెంచాను వదినా,” అన్నాడు మరిది.

“బండికి స్పీడు పెంచితే ఊరు దగ్గరవుతుందిరా. దీనికి పెంచితే ఊరే తప్పిపోతుంది.”

పాత కంప్యూటర్ వెనక ఇరవై అయిదు కన్నాల వెడల్పాటి పోర్టు ఉంది. అందులోంచి వెళ్ళే ఒక్కో పల్సుకీ, అంటే ఒక్కో కరెంటు తట్టుకీ, ఉలిని కదిపే మోటారు ఒక్కో మెట్టు తిరుగుతుంది. ఎనిమిది వందల మెట్లయితే ఒక మిల్లీమీటరు. సెకనుకు ఇరవై అయిదు వేల పల్సుల దాకా ఆ కంప్యూటర్ సమానమైన ఎడంతో పంపగలదు. మరిది నలభై అయిదు వేలు పెట్టాడు. ఎడం చెదిరింది, మోటారు తడబడి కొన్ని మెట్లు వదిలేసింది. వదిలేసినట్టు కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు.

ఇవన్నీ అక్కకు ఎవరూ నేర్పలేదు. పదేళ్ళు కుట్టుమిషను చప్పుడు విన్న చెవి ఆమెది. మోటారు గొంతు మారితే వంటింట్లోంచే “ఆపండి!” అని అరుస్తుంది. ఇవాళ ఆ సమయానికి బజారులో ఉంది.

చెక్కను తిరగేసి, వెనక వైపు పైకి వచ్చేలా బిగించింది. పల్సుల్ని పదిహేను వేలకు తగ్గించింది. మూలన పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఉలిని గాల్లోనే చెక్క చుట్టూ ఒకసారి తిప్పించింది. ఉలి సరిగ్గా ఆ చుక్క మీదికే తిరిగొచ్చింది. అప్పుడు మౌస్ మీద స్టీలు గిన్నె బోర్లించింది. చెక్కుడు నడుస్తుండగా ఎవరైనా ఇంకో పని తెరిస్తే పల్సుల ఎడం చెదురుతుందని ఆ ఇంట్లో అదొక కట్టుబాటు.

“ఎంతసేపు వదినా?”

“మూడు గంటలు. నోరు మూసుకుంటే మూడే.”

మోటారు సన్నగా పాడటం మొదలుపెట్టింది. కాసేపు చెవొగ్గి విని, అక్క నావైపు తిరిగింది.

“నువ్వు ఊరికే కూర్చున్నావుగా, బడిదాకా వెళ్ళిరా. అయిదున్నరకి గానీ బోర్డు రాదని పెద్ద మేడమ్‌కి ఎదురుగా నించుని చెప్పు, ఫోన్‌లో వద్దు. ఎందుకని అడిగితే నా వల్లేనని చెప్పు. వీడి మాట ఎత్తకు.”