గర్భగుడి గడప మీద మరమనిషి

నేను రాసిన మరమనిషి కాలిపోవాలని మా ఊరి ధర్మకర్తగారు తీర్పు చెప్పారు. ఎందుకు కాలిపోవాలో మాత్రం చెప్పలేదు.

ఎనభైల్లో మాట. ప్రత్తిపాడు పక్కన ఒక పల్లె మాది. నాన్నగారు రామాలయంలో అర్చకులు. నేను డిగ్రీ చదివి ఇంట్లో ఉంటూ ఒక వారపత్రికకి సీరియల్ రాసేదాన్ని. రాబోయే కాలపు కథ. మనుషులంతా గుడికి రావడం మానేస్తారు. ఒక మరమనిషి మాత్రం రోజూ వాకిలి ఊడ్చి, పూలు కట్టి, గడప బయట నిలబడి ఉంటాడు. ఆఖరి భాగానికి ముందు వారం వాడి చేతికి హారతి పళ్ళెమిచ్చి, గర్భగుడి గడప మీద ఒక కాలు పెట్టించి, అక్కడ ఆపాను. ఇక చూసుకోండి! మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా, లోపలికెళ్తాడా లేదా, మా ఒక్కళ్ళకే చెప్పమ్మా అని కొంగు పట్టుకు లాగేవాళ్ళు. వాళ్ళంటే నాకు ముద్దే.

కోపమంతా ధర్మకర్తగారి మీద. ఒక ఉదయం ఆయన మా అరుగు దగ్గరికొచ్చి, గడప దాటగానే అది భగ్గున కాలి బూడిదైనట్టు రాయమన్నారు. రాయకపోతే నాన్నగారు గుడి తాళంచెవి ఇచ్చేయాలట. మాకు పొలమా పుట్రా? ఆ గుడే మా అన్నం. నాకు ఒళ్ళు మండిపోయింది. కథలో యంత్రం దేవుడి దగ్గరికెళ్తే అపచారం గానీ, పోయిన ఏడు ఈయనే గుళ్ళో మోటారుతో మోగే గంటా డోలూ పెట్టించారు, అది మాత్రం పుణ్యం!

ఆ పొద్దున పూజ మధ్యలో కరెంటు పోతే నాన్నగారు చేతిగంటతో కానిచ్చి, తాళం వేసి వచ్చేశారు. కరెంటు పోయాక స్విచ్చి కట్టేయడం మా ఊళ్ళో ఎవరికి గుర్తుంటుంది గనక! ధర్మకర్తగారు ఇంకా కేకలేస్తుండగానే కరెంటు వచ్చింది. గుళ్ళో గంటా డోలూ గణగణమన్నాయి. ఆయన మాట మధ్యలో ఆపి, చెప్పులు విడిచి, గుడి వైపు తిరిగి, కళ్ళు మూసుకుని చెంపలేసుకున్నారు. గంట వినబడితే మా ఊళ్ళో ఎవరైనా అంతే.

"నాన్నగారు ఇక్కడే ఉన్నారండి, గుడికి తాళం వేసి ఉంది. మీరు దండం పెట్టింది ఎవరికండి?" అన్నాను.

"రాముడికి," అన్నారు, తడుముకోకుండా.

"మా వాడు హారతి ఇవ్వబోయేది కూడా ఆయనకేనండి."

నోరు ముయ్యమని అమ్మ లోపల్నించి సైగ చేసింది. నేను ముయ్యలేదు. నాన్నగారు నన్ను తిడతారనుకున్నాను. ఆయన రొంటిన ఉన్న తాళంచెవి తీసి అరుగు మీద పెట్టారు.

"తీసుకోండి. కథ ఎలా ముగించాలో మా అమ్మాయికి నేను చెప్పను."

రేపటి అన్నం సంగతి తలుచుకుంటే భయమేసింది. ఆయన్ని చూస్తే గర్వంగానూ ఉంది. గంట ఆగడం లేదు. చుట్టుపక్కలవాళ్ళు బయటికొచ్చి, తాళం వేసిన గుడినీ, అరుగు మీది నాన్నగారినీ మార్చిమార్చి చూస్తున్నారు. ధర్మకర్తగారు తాళంచెవి వంక చూశారు, ముట్టుకోలేదు.

"ముందెళ్ళి ఆ స్విచ్చి ఆపండి పంతులుగారూ," అన్నారు చివరికి.

నాన్నగారు తాళంచెవి మళ్ళీ రొంటిన దోపుకుని వెళ్ళారు. దాన్ని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఆఖరి భాగం రాసేశాను. మరమనిషి రెండో కాలూ లోపల పెట్టాడు. కాలిపోలేదు.